నాన్న వాల్వు రిపేరు: సర్కంఫ్లెక్స్ కుడివైపు నుంచి వస్తోందట, రిపేరు చేయించాలా, వాల్వు మార్పించాలా?

#1 తెనాలి_కుర్రోడు
నాన్నకి 61. తెనాలి దగ్గర పల్లెటూరు, ఇప్పటికీ పొలానికి తనే వెళ్తాడు. సంక్రాంతి దాటినప్పటి నుంచి కాలవ గట్టు ఎక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. రెండు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. ఊళ్లో దగ్గుమందు తాగుతూ నెల గడిపేశాం. ఆఖరికి గుంటూరులో ఎకో తీయిస్తే, గుండె ఎడమవైపు పైగదికీ కిందగదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వు బాగా లీకవుతోందన్నారు. వెనక రెక్కని పట్టుకునే దారం ఒకటి తెగిందట. పీ2 అనే ముక్క పైగదిలోకి తిరగబడుతోందట. గుండె పంపింగ్ 58 శాతం. ‘రిపేరుకి చక్కగా సరిపోయే వాల్వు’ అన్నారు, కాస్త కుదుటపడ్డాం.

ఆపరేషన్‌కి ముందు అందరికీ తీసినట్టే యాంజియో తీశారు. బ్లాకులు లేవు. కానీ సర్కంఫ్లెక్స్ అనే గుండె రక్తనాళం ఎడమవైపు పుట్టాల్సింది కుడివైపు పుట్టి, పెద్ద ధమని వెనక నుంచి చుట్టి ఎడమకి వెళ్తోందని రిపోర్టులో రాశారు. అది చూశాక సర్జన్ గారు మాట మార్చారు. ‘రిపేరులో వాల్వు అంచుకి వేసే రింగు కుట్లు ఆ నాళానికి తగులుతాయి, వాల్వు మార్చేద్దాం, అదే సేఫ్’ అన్నారు. విజయవాడలో ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్తే ‘రిపేరే చేద్దాం, కాకపోతే సీటీ తీసి చూడాలి’ అన్నారు. ఇద్దరూ పేరున్నవాళ్లే. ఎవరి మాట వినాలో తెలియక మూడు రోజులుగా ఇంట్లో ఎవరికీ అన్నం సయించట్లేదు. ఇలాంటిది మీ ఇళ్లలో ఎవరికైనా జరిగిందా?

#2 ఓరుగల్లు_బిడ్డ
పరేషాన్ గాకు తమ్మీ. మా అక్కకు మైట్రల్ వాల్వు మార్చి పదకొండేండ్లు, మంచిగనే ఉన్నది. మార్చుడంటే భయపడకు. గని మా అక్కది రుమాటిక్. చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల నొప్పులతోని మొదలైంది. 21 రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెన్సిలిన్ సూది, మధ్యల బెలూన్ పెట్టి తెరిచిన్రు, ఆఖరికి మార్చిన్రు. మీ బాపుకు దారం తెగింది కదా, రెండూ ఒక్కటి గాదనుకుంట. తెలిసినోళ్లు చెప్పాలె.

#3 పాలకొల్లు_పంతులు
తెల్లమద్ది చెక్క కషాయం గుండెకి మంచిదని మా తాతగారి కాలం నుంచీ వాడుతున్నాం. ఆపరేషన్ దాకా వెళ్లేముందు ఒక మండలం పాటు వాడి చూడకూడదూ?

#4 మందుల_షాపు_మామ
పంతులు గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. తెగిన దారాన్ని ఏ కషాయమూ అతకదు. నలభై రోజులు ఆగితే గుండె ఇంకా సాగుతుంది. వాళ్లు ఇప్పటికే ఒక నెల పోగొట్టుకున్నారు. బాబూ, ఇప్పటికే అలాంటివేమైనా వాడుతుంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పండి.

#5 ల్యాబ్_కోటు
నేను యాంజియోలు తీసే క్యాత్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని, పదిహేనేళ్లుగా ఇదే పని. మీ నాన్నగారి లాంటివి అప్పుడప్పుడూ మాకు తగులుతూనే ఉంటాయి. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ వాళ్లు 1990లో 1,26,595 మంది యాంజియోలు లెక్క తీస్తే, 1.3 శాతం మందిలో గుండె రక్తనాళాలు మామూలు పద్ధతిలో లేవు. వాటిలో తరచుగా కనిపించేవాటిలో ఒకటి ఇదే, సర్కంఫ్లెక్స్ కుడివైపు పుట్టడం.

మాకు ఎలా తెలుస్తుందంటే, ఎడమవైపు మందు ఎక్కిస్తాం. ముందుకి దిగే ఎల్‌ఏడీ అనే నాళం ఒక్కటే నిండుతుంది. గుండె పక్కగోడ వైపు తెర మీద ఖాళీగా ఉంటుంది. కొత్తవాళ్లయితే ‘సర్కంఫ్లెక్స్ మొదట్లోనే మూసుకుపోయింది’ అని కంగారుపడతారు. అనుభవం ఉన్న డాక్టరు వెంటనే కుడివైపు వెతుకుతారు. దొరుకుతుంది. పెద్ద ధమని వెనక నుంచి వెళ్తోందా, ముందు నుంచా అన్నది కూడా కొన్ని కోణాల్లో తెలుస్తుంది. వెనక నుంచి వెళ్తే అక్కడ చిన్న చుక్కలా కనబడుతుంది.

యాంజియో సీడీ తప్పకుండా తీసుకుని దగ్గర పెట్టుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు. రెండో సర్జన్ ఆ బొమ్మ కదలడం తన కళ్లతో చూడాలి.

#6 తెనాలి_కుర్రోడు
థాంక్యూ అన్నా, సీడీ ఉంది. రాత్రి ఇంటర్నెట్‌లో చదివితే, రక్తనాళం తప్పు చోట పుడితే ఆటలాడుతూనే హఠాత్తుగా చనిపోతారని ఉంది. నాన్నకి 61 ఏళ్లుగా ఇది ఉందన్నమాటే కదా. ఆ రాసింది చదివాక అమ్మ ఒకటే ఏడుపు.

#7 గుండెగది
గుండె ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టర్ని. ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. మీరు చదివింది వేరే రకం. ఆ రకంలో నాళం పెద్ద ధమనికీ ఊపిరితిత్తుల ధమనికీ మధ్య సందులోంచి వెళ్తుంది, వ్యాయామం చేసే కుర్రాళ్లలో ప్రమాదం. మీ నాన్నగారిది పెద్ద ధమని వెనక నుంచి వెళ్లేది. దానంతట అది ఏ ఇబ్బందీ పెట్టదు. చాలామంది తమకి అది ఉందని తెలియకుండానే నిండు నూరేళ్లూ బతుకుతారు. వాల్వుకి కుట్లు వేయాల్సి వచ్చినప్పుడు మాత్రమే దాని గురించి ఆలోచించాలి.

ఎందుకో చెబుతాను. మైట్రల్ వాల్వు చుట్టూ ఒక వలయం ఉంటుంది. సర్కంఫ్లెక్స్ ఎవరిలోనైనా ఆ వలయం వెనక అంచుకి దగ్గరగానే, పైగదికీ కిందగదికీ మధ్య గాడిలో నడుస్తుంది. ఎడమ పక్కన రెక్కలు రెండూ కలిసే మూల దగ్గర మరీ దగ్గరకొస్తుంది. అంటే మామూలు మనిషిలో కూడా అక్కడ కుట్టు లోతుగా పడితే నాళం చిక్కుకోవచ్చు, లేదా వంగి ముడతపడొచ్చు. మీ నాన్నగారిలో అదనంగా ఇంకో ముక్క ఉంది. కుడివైపు పుట్టి పెద్ద ధమని వెనక దూరి వస్తోంది కాబట్టి, వాల్వు ముందువైపు కూడా నాళం ఉన్నట్టే.

ఇప్పుడు అసలు విషయం. ‘రిపేరు ప్రమాదం, మార్చడం సేఫ్’ అన్నది ఈ ఒక్క కారణానికి నాకు మింగుడుపడటం లేదు. వాల్వు మార్చినా కుట్లు పడేది ఆ వలయంలోనే. పైగా చుట్టూతా పడతాయి, ముందువైపు కూడా. రిపేరులో అయితే పూర్తి రింగుకి బదులు వెనక సగానికి మాత్రమే పట్టీ వేసి, ముందు అంచుని ముట్టుకోకుండా వదిలేసే వీలుంది. కాబట్టి నాళం అడ్డొస్తోందని మార్చేద్దాం అనడం లెక్క సరిపోని మాట.

ఇంకో సంగతి. పంపింగ్ 58 అంటే బాగానే ఉందనుకుంటారు అందరూ. వాల్వు బాగా లీకయ్యేవాళ్లలో రక్తం సగం వెనక్కి తేలిగ్గా పోతుంది కాబట్టి ఆ అంకె నిజానికంటే ఎక్కువగా కనబడుతుంది. వీళ్లలో 60కి దిగగానే గుండె అలసిపోవడం మొదలైనట్టు లెక్క. కాబట్టి ఎక్కువ రోజులు ఆలోచిస్తూ కూర్చోవద్దు.

#8 కడప_కారం
గుండెగది గారు చెప్పింది బాగానే ఉంది గానీ, మొదటి సర్జన్‌ని అంత తేలిగ్గా తప్పుపట్టొద్దు. మా నాయనకి ఆపరేషన్ చేసినాయన కూడా ‘రిపేరు నా చేతిలో బాగా రాదు, నీకు మారుస్తా’ అని మొహం మీదే చెప్పినాడు. నాకు ఆ మాట నచ్చింది. రిపేరు చేసి లీకు మిగిలితే మళ్లీ రొమ్ము కోయాల కదా? రిపేరా, మార్చడమా అన్నదాని కంటే చేసే చెయ్యి ముఖ్యం.

#9 గుండెగది
#8 నిజమే, ఒప్పుకుంటాను. రిపేరు చెయ్యి చెయ్యికీ మారే పని. 1983లో ఫ్రాన్స్ సర్జన్ అలాన్ కార్పాంటియే ఈ రిపేరుని ఒక పద్ధతిగా రాసి పెట్టాక కూడా, నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ‘నేను ఎక్కువగా మార్చడమే చేస్తాను’ అని చెబితే అది నిజాయితీ, నమస్కారం పెట్టాలి. అప్పుడు రిపేర్లు ఎక్కువ చేసే ఆయన దగ్గరికి పంపాలి. నాళం మీద నెపం పెట్టకూడదు, అంతే నేననేది.

#10 డల్లాస్_అత్తయ్య
మా ఆయన అనుభవం చెబుతాను, భయపెట్టడానికి కాదు. ఆయనకి నాళాలు పుట్టిన చోటు మామూలే, కానీ లెఫ్ట్ డామినెంట్. అంటే గుండె వెనక భాగానికి కూడా రక్తం సర్కంఫ్లెక్స్ నుంచే వెళ్తుంది. నూటికి 80 పైచిలుకు మందికి ఆ పని కుడి నాళం చేస్తుందట. లెఫ్ట్ డామినెంట్ ఉన్నవాళ్లలో సర్కంఫ్లెక్స్ లావుగా, వాల్వు అంచుకి ఇంకా దగ్గరగా ఉంటుందని మాకు ఆపరేషన్ అయ్యాక తెలిసింది.

2019లో ఇక్కడే టెక్సస్‌లో రిపేరు చేశారు. రింగు వేశారు, లీకు పోయింది, అంతా బాగుందన్నారు. ఐసీయూలో నాలుగు గంటలకి ఈసీజీ మారింది. బీపీ పడిపోతోంది. ఎకోలో పక్కగోడ కదలడం లేదన్నారు. అప్పటికప్పుడు క్యాత్ ల్యాబ్‌కి తోసుకెళ్తుంటే నేను ఆ మంచం పక్కనే పరిగెత్తాను. ఒక కుట్టు దగ్గర నాళం ముడతపడి సన్నగైపోయింది. వైరు దూరింది కాబట్టి స్టెంటు వేసి తెరిచారు. దూరకపోయి ఉంటే మళ్లీ రొమ్ము తెరిచి ఆ కుట్లు తీయడమో, బైపాస్ వేయడమో చేసేవాళ్లట.

ఇప్పుడు బాగున్నారు, రోజూ మూడు మైళ్లు నడుస్తారు. కానీ నాకు మిగిలిపోయిన బాధ ఒకటే. యాంజియో రిపోర్టులో ‘లెఫ్ట్ డామినెంట్’ అని రెండు మాటలు ముందే ఉన్నాయి. మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. నువ్వు అడుగుతున్నావు చూడు నాన్నా, అందుకు నీకు సగం భయం తీరినట్టే.

#11 ఓరుగల్లు_బిడ్డ
#10 చదువుతుంటే ఒళ్లు జలదరించింది అత్తయ్యా. మంచం పక్కన ఉరికిన్నంటే కండ్ల నీళ్లొచ్చినయ్.

#12 ల్యాబ్_కోటు
అలాంటి కేసు ఒకటి నా చేతుల మీదుగా కూడా వెళ్లింది. అందులో కలిసొచ్చేది టైమే. ఐసీయూ వాళ్లు ‘ఆపరేషన్ తర్వాత ఈసీజీ ఇలాగే ఉంటుందిలే’ అనుకోకుండా ఫోన్ చేస్తే కండ దక్కుతుంది.

#13 శ్రీకాకుళం_చినబాబు
అసలు కొయ్యడం ఎందుకండి? కాలి నరంలోంచి క్లిప్పు పెడతన్నారు కదా. మా మేనత్తకి హైదరాబాద్‌లో పెట్టినారు. మూడో రోజుకి ఇంటికొచ్చీసింది. క్లిప్పు రెక్కలకే కదా పట్టుకుంటాది, నాళం జోలికి పోదు.

#14 గుండెగది
చినబాబు గారూ, సగం సరిగ్గా చెప్పారు. 1991లో ఇటలీలో అల్ఫియేరి అనే సర్జన్ రెండు రెక్కల్నీ మధ్యలో కలిపి ఒక కుట్టు వేశారు. క్లిప్పు ఆ ఆలోచన లోంచి వచ్చిందే. వలయాన్ని ముట్టుకోదు కాబట్టి సర్కంఫ్లెక్స్‌కి దెబ్బ తగలదు. కానీ మీ మేనత్తగారు పెద్దవయసు, ఆపరేషన్ తట్టుకోలేరని పెట్టి ఉంటారు. 61 ఏళ్ల రైతు, మిగతా ఆరోగ్యం బాగుంది, పీ2 ఒక్కటే చెడింది. అలాంటి మనిషికి సర్జరీ రిపేరు ఎక్కువ కాలం నిలుస్తుంది. క్లిప్పు తర్వాత కొంత లీకు మిగలడం మామూలే, తర్వాత రిపేరు చేయాలంటే కష్టమవుతుంది కూడా.

కాలి నరంలోంచి చేసేవన్నీ నాళానికి సేఫ్ అనుకోవద్దు. గుండె వెనక ఉండే సిర లోపల పట్టీ పెట్టి వలయాన్ని బిగించే పరికరం ఉంది. ఆ సిర చాలామందిలో సర్కంఫ్లెక్స్ మీదుగా దాటుతుంది. బిగిస్తే నాళం నొక్కుకుపోవచ్చు. అందుకే అది పెట్టేటప్పుడు పక్కనే యాంజియో తీస్తూ చూసుకుంటారు.

#15 పంపు_మనిషి
ఆపరేషన్ జరిగేటప్పుడు గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మిషన్ నడిపేవాణ్ణి. ఎవరూ అడగలేదు గానీ నేను ముందుగా అడిగే ప్రశ్న ఇది: గుండె ఆపే మందు సర్కంఫ్లెక్స్‌కి అందుతుందా? మైట్రల్ ఆపరేషన్లో పెద్ద ధమనిని తెరవరు. మందు దాని మొదట్లో ఎక్కిస్తే అక్కడ పుట్టే నాళాలన్నిటికీ తనే వెళ్తుంది, కుడివైపు పుట్టినదానికీ వెళ్తుంది. కాబట్టి మీ నాన్నగారి విషయంలో ఈ భయం లేదు. అదే పెద్ద ధమని మొదట్లో ఉండే అయోర్టిక్ వాల్వు ఆపరేషన్ అయితే ధమని కోసి ఒక్కో నాళం నోట్లో విడిగా గొట్టం పెట్టి మందు ఇస్తాం. అప్పుడు సర్కంఫ్లెక్స్‌కి వేరే నోరు ఉంటే దాన్ని మర్చిపోయే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు సిర వైపు నుంచి వెనక్కి కూడా ఎక్కిస్తాం.

#16 మందుల_షాపు_మామ
మార్చడం గురించి నా వైపు నుంచి ఒక్క మాట. మెటల్ వాల్వు పెడితే రక్తం పలచబడటానికి జీవితాంతం అసిట్రోమో వార్ఫరినో వేసుకోవాలి. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ అంకెని మైట్రల్‌కి 2.5 నుంచి 3.5 మధ్య నిలబెట్టాలి. నా షాపుకి వచ్చేవాళ్లలో పొలం పనులు చేసేవాళ్ల బాధ నాకు తెలుసు. కొడవలి తెగితే రక్తం ఆగదు. టెస్టుకి టౌనుకి రావాలంటే కోతల టైములో కుదరదు. మానేస్తే వాల్వు జామవుతుంది. 1990లో తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ వాళ్లు మన దేశంలోనే వాల్వు చేసి మొదటిది అమర్చాక ఖరీదు తగ్గింది, అది గొప్ప సంగతే. కానీ మాత్ర బాధ మాత్రం తప్పదు. జంతు కణజాలం వాల్వు పెడితే మాత్ర మానేయొచ్చు గానీ 61 ఏళ్లకి పెడితే మళ్లీ మార్చాల్సి రావచ్చు. రిపేరుకైతే ఎక్కువమందికి మొదటి మూడు నెలలే రక్తం పలచబడే మందు.

ఆకుకూరలు ఆ మాత్ర పనిని తగ్గిస్తాయి. గుంటూరు జిల్లా మనిషి కాబట్టి అడుగుతున్నా, గోంగూర ఎంత తింటారు?

#17 తెనాలి_కుర్రోడు
రోజూ మామా! గోంగూర లేకపోతే కంచం ముందు కూర్చోడు. మీ పోస్టు చదివి వినిపిస్తే నాన్న మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. ‘అయితే రిపేరే చేయించండ్రా’ అన్నాడు.

#18 మందుల_షాపు_మామ
ఆ మూడు నెలలు కూడా మానక్కర్లేదని చెప్పండి. ఒకరోజు గిన్నెడు, ఒకరోజు అసలు లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకేలా కొద్దిగా తింటే మందు మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది.

#19 అనంత_అమ్మ
ఇది పెద్దవాళ్ల సంగతి, నాది చంటిబిడ్డ సంగతి. అయినా రాయకుండా ఉండలేకపోతున్నా. నా బిడ్డకి మూడో నెలలో పాలు తాగుతుంటే చెమటలు పట్టేవి, మధ్యలో వదిలేసి కిర్రుమని ఏడ్చేది. కడుపునొప్పి అనుకున్నాం. గుండె పెద్దదైంది, మైట్రల్ వాల్వు లీకు ఉంది అన్నారు. ముందు చూసినవాళ్లు కండ జబ్బు అని మందులు రాసిచ్చారు. రెండోసారి ఎకో తీసిన మేడమ్ గంటసేపు చూసి, ఎడమ నాళం పెద్ద ధమనికి బదులు ఊపిరితిత్తుల ధమనిలోంచి పుట్టింది అని కనిపెట్టింది. అల్కాపా అంటారు. మూడు లక్షల మంది పిల్లల్లో ఒకరికి వస్తుందంట. ఆ బిడ్డ నా ఒళ్లోనే పడింది.

వాల్వు రిపేరు చేయాలా అని నేను అడిగితే సర్జన్ ‘వాల్వు తప్పేం లేదమ్మా, దాన్ని పట్టుకునే కండకి రక్తం అందక లీకవుతోంది. నాళాన్ని సరైన చోట కుడితే అదే సర్దుకుంటుంది’ అన్నారు. అలాగే నాళం మార్చి కుట్టారు, వాల్వుని ముట్టుకోలేదు. ఏడాదికి లీకు కొద్దిగానే మిగిలింది. ఇప్పుడు రెండో తరగతి, స్కూల్లో తాడాట ఆడుతుంది. మీ నాన్నకీ బాగైపోతుంది తమ్ముడూ.

#20 గుండెగది
తల్లీ, ఆ గంటసేపు ఎకో చూసిన మేడమ్‌కి నా దండాలు. పసిపిల్లల్లో గుండె పెద్దదై వాల్వు లీకవుతుంటే ఎడమ నాళం ఎక్కడ పుట్టిందో చూసేదాకా కండ జబ్బు అనకూడదని మేం జూనియర్లకి మళ్లీ మళ్లీ చెప్పేది ఇందుకే.

#21 తెనాలి_కుర్రోడు
సీటీ అయింది. గుండె వేగం తగ్గడానికి ముందే మాత్ర ఇచ్చారు, కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చూశారు, ఊపిరి బిగపట్టమన్నారు, పది నిమిషాల్లో బయటికొచ్చాడు. విజయవాడ సర్జన్ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తిప్పి తిప్పి చూపించారు. నాళం పెద్ద ధమని వెనక నుంచి వచ్చి, వాల్వు ఎడమ మూల దగ్గర వలయానికి 3 మిల్లీమీటర్ల దూరంలోకి వస్తోంది. ఆ తర్వాత దూరంగా జరిగిపోతోంది.

డల్లాస్ అత్తయ్య పోస్టు చదివాక కాగితం మీద రాసుకెళ్లి అడిగాను. రింగా, పట్టీయా? వెనక పట్టీ మాత్రమే అన్నారు. ఆ మూల కుట్లు ఎలా? చిన్నగా, పైగది వైపు కాకుండా కిందగది వైపు సూది తిప్పి వేస్తాను అన్నారు. మిషన్ నుంచి బయటికి తెచ్చాక ఏం చూస్తారు? గొంతులోంచి వేసే ఎకోలో లీకు కంటే ముందు పక్కగోడ కదలిక, నాళంలో రక్తం పారడం చూస్తామన్నారు. తేడా ఉంటే? అక్కడే పట్టీ తీసేస్తాను, అవసరమైతే బైపాస్, కాలి నరం తీయడానికి కాలు కూడా ముందే శుభ్రం చేసి సిద్ధంగా ఉంచుతాం అన్నారు. ఆ ఆఖరి మాట విన్నాక నాకు నమ్మకం కుదిరింది. వచ్చే బుధవారం.

#22 కడప_కారం
కాలు ముందే సిద్ధం చేస్తానన్నాడంటే ఆయన అన్నీ ఆలోచించినాడు. నా ఓటు ఆయనకే. #8లో నేను అన్నది వెనక్కి తీసుకోను గానీ, ఈ చెయ్యి వేరే.

#23 ఓరుగల్లు_బిడ్డ
పైసల సంగతి సూసుకున్నవా తమ్మీ? మా దిక్కు ఆరోగ్యశ్రీ 2023 డిసెంబర్ల పది లక్షలు చేసిన్రు. మీ దిక్కు కార్డు ఉంటే ఆస్పత్రిల ఆరోగ్యమిత్ర దగ్గర ముందే అప్రూవల్ అడుగు. పైసలు అస్సలు లేనోళ్లు చదువుతుంటే చెప్తున్న, పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రిల 1991 నుంచి గుండె ఆపరేషన్లు ఉచితంగ చేస్తున్నరు.

#24 తెనాలి_కుర్రోడు
అప్రూవల్ వచ్చింది అక్కా. పట్టీ ఖర్చు కొంత చేతి నుంచి పడుతుంది, పర్లేదు.

#25 పాలకొల్లు_పంతులు
బుధవారం ఉదయం మా ఊరి క్షీరారామంలో నాన్నగారి పేరున అభిషేకం చేయిస్తాను. గోత్రం చెప్పు నాయనా. కషాయం మాట నేను తొందరపడి అన్నాను, మామ గారు చెప్పిందే సబబు.

#26 శ్రీకాకుళం_చినబాబు
బుధవారం మధ్యాహ్నం అయిపోయింది, కబురు లేదు. ఎవరికైనా తెలుసా?

#27 డల్లాస్_అత్తయ్య
నేనూ ఇక్కడ అర్ధరాత్రి లేచి కూర్చున్నాను.

#28 తెనాలి_కుర్రోడు
నాన్న ఐసీయూలో ఉన్నాడు. రాత్రి గొట్టం తీశారు. ‘ఏరా’ అన్నాడు. రేపు వివరంగా రాస్తా.

#29 అనంత_అమ్మ
స్వామీ!

#30 తెనాలి_కుర్రోడు
ఇవాళ వార్డుకి మార్చారు, ఇప్పుడు చెబుతాను. తెగిన దారం బదులు గోర్‌టెక్స్ అనే కృత్రిమ దారాలు రెండు కుట్టారు, వెనక పట్టీ వేశారు. మిషన్ నుంచి తెచ్చాక లీకు దాదాపు లేదు. కానీ కుడి నాళం రక్తమిచ్చే కింద గోడ, సర్కంఫ్లెక్స్ రక్తమిచ్చే పక్కగోడ రెండూ మందకొడిగా కదిలాయట. అందరూ ఆగిపోయారట. సర్జన్ గారు నాకు చెప్పినట్టే రాస్తున్నా. గుండెలో మిగిలిన గాలి బుడగలు వెల్లకిలా పడుకున్న మనిషిలో పైన ఉండే కుడి నాళంలోకే ఎక్కువగా వెళ్తాయట. నాన్నకి సర్కంఫ్లెక్స్ కూడా ఆ పక్కనే పుట్టింది కాబట్టి గాలి రెండిట్లోకీ వెళ్లి ఉండొచ్చు అనుకున్నారు. వెంటనే కుట్లు తీయలేదు. ఎకోలో నాళంలో రక్తం పారుతూనే ఉంది. బీపీ కాస్త పెంచి, మిషన్ మీద ఇంకో పావుగంట ఉంచారు. ఆ పావుగంటలో రెండు గోడలూ మామూలైపోయాయి. నాళం కుట్టుకి చిక్కి ఉంటే పక్కగోడ ఒక్కటే ఆగేది, అదీ తిరిగి వచ్చేది కాదు అన్నారు. రాత్రంతా ప్రతి రెండు గంటలకీ ఈసీజీ తీశారు. మార్పు లేదు.

బయట కుర్చీలో కూర్చున్న మాకు ఈ పావుగంట సంగతే తెలియదు. తెలిసి ఉంటే అమ్మ తట్టుకునేది కాదు.

#31 పంపు_మనిషి
ఆ పావుగంట మిషన్ దగ్గర నిలబడ్డవాడికి ఎంత పొడుగో నాకు తెలుసు. తొందరపడి కుట్లు తీయకపోవడం, అలాగని ఏం కాదులే అని వదిలేయకపోవడం, రెండూ గొప్ప పనులే.

#32 గుండెగది
కింద గోడ కూడా మందగించడమే అక్కడ ఆధారం. బాగా చూశారు వాళ్లు. చాలా సంతోషంగా ఉంది బాబూ.

#33 నెల్లూరు_నేత
ఈ చర్చంతా ఇప్పుడే చదివాను. మా అమ్మకి 78, అయోర్టిక్ వాల్వు బిగుసుకుపోయింది, రొమ్ము కోయకుండా కాలి నుంచి కొత్త వాల్వు పెట్టే టావీ చేద్దామన్నారు. సీటీలో అచ్చం ఇదే, సర్కంఫ్లెక్స్ కుడివైపు నుంచి వెనకగా వెళ్తోందట. అయోర్టిక్ వాల్వుకి కూడా దీంతో ఇబ్బందా?

#34 గుండెగది
ఉంది, ఇంకొంచెం ఎక్కువగానే. నాళం వెళ్లేది సరిగ్గా ఆ వాల్వు వెనక గోడని ఆనుకునే. కొత్త వాల్వు విచ్చుకుంటే బయటి నుంచి నాళాన్ని నొక్కే అవకాశం ఉంది. టావీ చేయకూడదని కాదు, చాలామందికి బాగానే జరిగింది. సైజు మరీ పెద్దది ఎంచుకోకుండా చూస్తారు. ముందు బెలూన్ ఊదినప్పుడు పక్కన యాంజియో తీసి నాళం నొక్కుకుపోతోందేమో చూస్తారు. అనుమానం ఉంటే నాళంలో ముందే వైరు పెట్టి ఉంచుతారు. ఈ మూడూ చేస్తారా అని అడగండి. సీటీ బొమ్మలు తీసుకెళ్లండి.

#35 ల్యాబ్_కోటు
తెనాలి తమ్ముడూ, డిశ్చార్జి కాగితంలో సర్కంఫ్లెక్స్ కుడివైపు పుట్టిందని పెద్ద అక్షరాలతో రాయించుకో. పదేళ్ల తర్వాత ఎక్కడో అర్ధరాత్రి ఛాతీ నొప్పి అని వెళ్తే, అక్కడివాళ్లు ఎడమవైపు సర్కంఫ్లెక్స్ కనబడక అదే మూసుకుపోయిందనుకుని దాన్ని వెతుకుతూ టైము పోగొడతారు.

#36 తెనాలి_కుర్రోడు
రాయించాను అన్నా. అమ్మ దాన్ని లామినేషన్ చేయించి నాన్న చొక్కా జేబులో పెట్టింది, పొలం పాసుపుస్తకంతో పాటు ఇంకోటి బీరువాలో. మూడు నెలలు బరువులు ఎత్తొద్దన్నారు. నాన్న రోజుకి నాలుగుసార్లు అడుగుతున్నాడు, మినుములు పీకే టైముకి గట్టు మీద కూర్చుని చూడొచ్చా అని.

#37 మందుల_షాపు_మామ
కూర్చుని చూడొచ్చని చెప్పండి. నీడలో.